మిర్చి దుమ్ములో, కోల్డ్ స్టోరేజీ చలిలో నాలుగేళ్లు తిరిగిన నా స్లిమ్ లాప్‌టాప్

2021 జులైలో కొన్నాను. 14 అంగుళాల స్క్రీన్, బరువు కిలోంబావు, మూసి పెడితే మందం 16 మిల్లీమీటర్లు, పైన మూతా కింద అడుగూ అల్యూమినియం. అప్పట్లో 78 వేలు పడింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఆ మోడల్ ఇప్పుడు అమ్మడం లేదు, పైగా నేను చెప్పబోయే వాటిలో చాలావరకు ఏ కంపెనీ స్లిమ్ లాప్‌టాప్‌కైనా జరిగేవే.

నా పని గురించి ముందు చెప్పాలి, లేకపోతే ఎంత మోటుగా వాడానో అర్థం కాదు. ఉండేది నరసరావుపేటలో. బ్యాంకుల తరఫున స్టాక్ ఆడిట్ చేసే ఆఫీసులో ఉద్యోగం. రైతులూ వ్యాపారులూ కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మిర్చిని చూపించి అప్పు తీసుకుంటారు కదా, ఆ టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, నిజంగా ఉన్నాయా, ఎన్ని ఉన్నాయి, మిర్చి రకం తేజానా, 341ఆ, బాడిగా, ఏ లాట్ ఏ చాంబర్‌లో ఉంది అని లోపలికి వెళ్లి లెక్కపెట్టి అక్కడికక్కడే ఎక్సెల్‌లో ఎక్కించాలి. వారంలో నాలుగైదు రోజులు బైక్ మీదో, పల్లెవెలుగు బస్సులోనో గుంటూరు చుట్టుపక్కల తిరుగుతూనే ఉంటాను. టేబుల్ దొరికితే అదృష్టం, దొరక్కపోతే టిక్కీల మీదే పెట్టుకుని పని చేయాలి.

కొనేటప్పుడు అందరూ అన్న మాట ఒకటే, ఇంత పల్చటిది నీ పనికి ఆగదు, ఒక్కసారి పడితే అయిపోతుంది అని. నాది మూడుసార్లు పడింది, మూడుసార్లూ పెద్దగా ఏమీ కాలేదు. మొదటిది ఫిరంగిపురం దగ్గర, స్పీడ్ బ్రేకర్ మీద బైక్ ఎగిరినప్పుడు బ్యాగ్ బెల్టు కొక్కెం ఊడిపోయి బ్యాగ్ తారురోడ్డు మీద పడి కొంచెం దూరం జారింది. ఇంటికొచ్చి తీసి చూస్తే ఒక మూల సొట్ట, మూత మూసినప్పుడు ఆ మూల దగ్గర గోరు పట్టేంత సందు. ఆన్ చేస్తే మామూలుగా వచ్చింది. రెండోసారి నడుమెత్తు ఉన్న టిక్కీల వరస మీద నుంచి, తెరిచి ఉండగానే, సిమెంటు నేల మీద పడింది. మూడోది ఇంట్లో మంచం మీద నుంచి, దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

ఎందుకు తట్టుకుందంటే, నాకు అర్థమైనంతలో, బరువు తక్కువ కాబట్టి దెబ్బ కూడా తక్కువే తగులుతుంది. ఇంకోటి, లోపల డేటా దాచడానికి చిప్పులతో చేసిన ఎస్‌ఎస్‌డీ ఉంటుంది, అందులో కదిలే భాగం ఏదీ ఉండదు. నా పాత లాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ ఉండేది, పళ్లెం గిర్రున తిరుగుతుంటే దాని మీద వెంట్రుక వాసి దూరంలో హెడ్ కదులుతుంటుంది, నడుస్తుండగా పడితే డేటా మొత్తం పోయే ప్రమాదం. ఇప్పుడు ఆ భయం లేదు.

బాక్స్ మీద మిలిటరీ టెస్ట్ పాసైంది అని రాసి ఉంది, అది చూసే చాలామంది కొంటారు, నేనూ కొంతవరకు దానికే మొగ్గాను. అది ఎంఐఎల్-ఎస్‌టీడీ-810 అనే అమెరికా సైన్యం ప్రమాణం. 2008లో జీ వెర్షన్, 2019లో హెచ్ వెర్షన్ వచ్చాయి. అందులో వేడి, చలి, తేమ, దుమ్ము, అదురు, పడటం, ఇలా చాలా పరీక్షలున్నాయి, వాటిలో ఏవి చేయాలో కంపెనీయే ఎంచుకుంటుంది, తనే చేసుకుంటుంది లేదా ఏదైనా ల్యాబ్‌లో చేయిస్తుంది. సైన్యం వచ్చి చూసి సర్టిఫికెట్ ఇచ్చేది ఏమీ ఉండదు. పైగా మామూలు వారంటీలో పడి పగిలితే కవర్ కాదు, ప్రమాదవశాత్తూ జరిగే నష్టానికి వేరే ప్లాన్ డబ్బు కట్టి తీసుకోవాలి. నేను తీసుకోలేదు. మీరు రోజూ బయట తిరిగేవాళ్లయితే తీసుకోండి, ఆ డబ్బు వృథా కాదు.

అసలు దెబ్బ పడటం వల్ల రాలేదు, నొక్కుకుపోవడం వల్ల వచ్చింది. 2022 చివర్లో ఒక రోజు బస్సులో బాగా రద్దీగా ఉంటే బ్యాగ్ పైన అరలో పెట్టాను, ఎవరో దాని మీద బియ్యం మూట పెట్టారు, సీటు దొరికి కూర్చున్నాక నేను చూసుకోలేదు. దిగాక తెరిస్తే స్క్రీన్ మధ్యలో అర్ధరూపాయి అంత తెల్ల మచ్చ. వారం తిరిగేసరికి దాని పక్క నుంచి ఒక నిలువు గీత, తర్వాత ఇంకో రెండు. స్లిమ్ లాప్‌టాప్‌లో మూత చాలా పల్చగా ఉంటుంది, లోపల స్క్రీన్ ప్యానెల్‌కీ కీబోర్డుకీ మధ్య ఖాళీ ఉండీ లేనట్టుగా ఉంటుంది, వెనక నుంచి బరువు పడితే మూత వంగి ప్యానెల్ వెళ్లి కీబోర్డుకు ఆనుకుంటుంది. కెమెరా మీద అంటించే చిన్న ప్లాస్టిక్ మూత, కీబోర్డు మీద మర్చిపోయిన ఇయర్‌ఫోన్, చివరికి ఒక బియ్యపు గింజ ఉన్నా మూసినప్పుడు స్క్రీన్ పగలొచ్చు. సర్వీస్ సెంటర్లో 19 వేలు అన్నారు, గుంటూరులో బయట షాపులో 11,500కి వేయించాను. వెలుతురు పాతదాని కంటే కొంచెం తక్కువ, మా పనికి సరిపోతుంది.

అప్పటి నుంచి బ్యాగ్‌లో స్క్రీన్ వైపు ఒక పరీక్ష అట్ట పెడుతున్నాను. పిల్లలు పరీక్షలకు తీసుకెళ్లేదే, క్లిప్పు పీకేసి. అరవై రూపాయలు. రెండు వేల రూపాయల బ్యాగ్ చేయలేని పని అది చేస్తోంది, ఎందుకంటే మెత్తటి బ్యాగ్ దెబ్బను ఆపుతుంది గానీ బరువును ఆపలేదు. స్టీలు టిఫిన్ బాక్స్ కూడా అదే బ్యాగ్‌లో పెట్టడం పూర్తిగా మానేశాను. దయచేసి మీరూ మానేయండి, బాక్స్ అంచు మూత మీద ఒకే చోట ఒత్తుతుంది, దాని కంటే చెడ్డది లేదు.

ఇక చలి సంగతి. దీని గురించి ఎక్కడా చదివినట్టు గుర్తు లేదు, అందుకే వివరంగా రాస్తున్నాను. ఏప్రిల్, మే నెలల్లో బయట 42, 43 డిగ్రీలు ఉంటుంది, చాంబర్ లోపల స్వెట్టర్ వేసుకోవాలి. లోపల గంటసేపు పని చేసి అలాగే తెరిచి పట్టుకుని బయటికి వచ్చాను ఒకసారి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టు రెండు నిమిషాల్లో అల్యూమినియం మొత్తం తడి, టచ్‌ప్యాడ్ తడిసి స్క్రీన్ మీద బాణం గుర్తు దానంతట అదే పరుగులు. బయట ఇలా ఉందంటే లోపల బోర్డు మీద కూడా అంతే కదా. వెంటనే ఆఫ్ చేసి, ఛార్జర్ పెట్టకుండా, ఒక రోజంతా ఫ్యాను కింద వదిలేశాను. బతికింది. ఇప్పుడు చాంబర్‌లో ఉండగానే షట్‌డౌన్ చేసి, బ్యాగ్‌లో పెట్టి జిప్ వేసి, బయటికొచ్చాక కనీసం అరగంట ముట్టుకోను. బ్యాగ్ లోపలే మెల్లగా వేడెక్కితే తేమ పట్టదు. స్టోరేజీ గుమస్తా టీ తెప్పిస్తాడు, అది తాగి లెక్కలు కాగితం మీద సరిచూసుకునేసరికి ఆ టైమ్ అయిపోతుంది.

దుమ్ముకు మాత్రం ఇది ఓడిపోయింది. మిర్చి దుమ్ము మామూలు దుమ్ము కాదు, సన్నగా ఉంటుంది, కొంచెం జిడ్డు కూడా ఉంటుంది. గాలి పీల్చుకునే కంతలు అడుగున ఉన్నాయి, టిక్కీ మీద పెట్టి పని చేస్తే నేరుగా ఆ దుమ్మునే లాక్కుంటుంది. ఏడాదిన్నరకే ఫ్యాన్ ఎప్పుడూ అరుస్తూ ఉండేది, నలభై వేల వరసల ఎక్సెల్ తెరిస్తే ఆగిపోయేది. వేడెక్కితే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది, నేనేమో లాప్‌టాప్ ముసలిదైపోయిందనుకున్నాను. షాపులో విప్పిన కుర్రాడు తుమ్మలేక మాస్కు కట్టుకుని, “అన్నా, దీన్ని ఎక్కడ తిప్పారన్నా, లోపలంతా కారమే” అన్నాడు. ఫ్యాన్ శుభ్రం చేసి, ప్రాసెసర్ వేడిని బయటికి లాగే పేస్టు మార్చి 700 తీసుకున్నాడు, మళ్లీ కొత్తదానిలా నడిచింది. ఇప్పుడు ఆర్నెల్లకోసారి నేనే విప్పుతున్నాను, అడుగున తొమ్మిది స్క్రూలు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను పుల్లతో ఆపి పట్టుకోవాలి, లేకపోతే అది అతివేగంగా తిరిగి పాడవుతుంది. ఇప్పుడు టిక్కీ మీద నేరుగా పెట్టను, ఆ పరీక్ష అట్టే కింద వేస్తాను.

ఛార్జింగ్ పోర్టు మూడో ఏడాదికి వదులైంది, కేబుల్ ఒక వైపు ఒత్తి పట్టుకుంటేనే ఎక్కేది. టైప్-సీ పోర్టును పదివేల సార్లు పెట్టి తీసినా ఆగేలా చేస్తారు. నేను రోజుకు నాలుగుసార్లు అనుకున్నా మూడేళ్లకు నాలుగున్నర వేలు దాటదు, మరి అరిగిపోయే అవకాశం లేదు కదా అని టార్చి వేసి చూస్తే అడుగున దుమ్ము, నూలు పీచు గట్టిగా అట్ట కట్టి ఉన్నాయి. ఆఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీశాను, టక్కుమని కూర్చుంది. పోర్టు మార్చాలని ఎవరైనా అంటే ముందు ఇది చూసుకోండి. ఇనుప సూది మాత్రం పెట్టకండి.

మూతను కింది భాగంతో కలిపే హింజ్ ఇప్పటికీ గట్టిగానే ఉంది, కొంచెం కూడా ఊగదు. మా ఆఫీసులో ఇంకొకరి లాప్‌టాప్‌లో రెండేళ్లకే విరిగింది, దానిది ప్లాస్టిక్ బాడీ, హింజ్ స్క్రూలు పట్టుకునే చిన్న ఇత్తడి గుబ్బలు ప్లాస్టిక్‌లోంచి ఊడివచ్చాయి. నాదానిలో అవి లోహంలోనే ఉన్నాయి. కాబట్టి షాపులో చూసేటప్పుడు మూత మెటలా అని మాత్రమే కాదు, హింజ్ దేనికి బిగించారో అడగండి. ఒక మూల పట్టుకుని లేపి చూడండి, వెనక నుంచి మూతను వేలితో మెల్లగా నొక్కి స్క్రీన్ మీద అలలు వస్తున్నాయేమో చూడండి. ఏ షాపువాడూ కాదనడు.

అల్యూమినియం బాడీ వల్ల ఒక చికాకు ఉంది, స్టోరేజీ ఆఫీసుల్లో చాలా సాకెట్లకు ఎర్తింగ్ సరిగా ఉండదు, ఛార్జర్ పెట్టి చెయ్యి ఆనిస్తే జివ్వుమంటుంది. అడాప్టర్‌లోంచి వచ్చే అతి చిన్న లీకేజీ అది. మూడు పిన్నుల కేబుల్, ఎర్త్ ఉన్న సాకెట్ వాడితే పోతుంది.

బ్యాటరీ నిరుడు ఉబ్బింది. మొదట తెలిసింది టచ్‌ప్యాడ్ వల్ల, క్లిక్ గట్టిపడింది, తర్వాత బల్ల మీద పెడితే ఒక వైపు ఊగడం మొదలైంది. ఎండలో బైక్ పక్క పెట్టెలో గంటలు గంటలు వదిలేయడం, రాత్రంతా నూరు శాతం మీద ఛార్జింగ్‌లో ఉంచడం, రెండూ నేను చేసినవే. ఈ గుర్తు కనపడితే ఆ క్షణమే ఛార్జింగ్ ఆపండి, నొక్కి సరిచేద్దామని చూడకండి, మంటలు లేవొచ్చు. కొత్త బ్యాటరీకి 5,800 అయింది. ఇప్పుడు సెట్టింగ్స్‌లో 80 శాతం దగ్గర ఆగేలా పెట్టాను, అయినా ఐదు గంటలు వస్తోంది.

మొత్తం మీద రిపేర్లకు పద్దెనిమిది వేలు అయింది, నాలుగేళ్లకు, ఈ వాడకానికి, నాకది ఎక్కువ అనిపించలేదు. మళ్లీ కొన్నా స్లిమ్మే కొంటాను, రోజంతా భుజాన మోసేవాడికి ఒక కిలో తేడా అంటే మామూలు విషయం కాదు.

మిగిలింది కీబోర్డు. స్పేస్ బార్ కుడి సగం కారం పట్టి పలకడం లేదు. స్లిమ్ మోడళ్లలో చాలావాటికి కీబోర్డును పై పలకకే రివెట్లు కొట్టి బిగిస్తారు, ఒక్క కీ కోసం పలక మొత్తం మార్చాలి, తొమ్మిది వేలట. ప్రస్తుతానికి ఎడమ బొటనవేలితో నొక్కుతున్నాను, ఇదంతా టైపు చేసింది కూడా అలాగే.