కరిగే మంచా, నిలబడే చేతులా?

వాతావరణ మార్పుపై చేసిన ఈ రెండు కళాకృతుల్లో ఏది ఎక్కువ పనిచేసింది? 2015లో పారిస్ వాతావరణ సదస్సు జరుగుతుండగా కళాకారుడు ఒలాఫర్ ఎలియాసన్, భూగర్భ శాస్త్రవేత్త మినిక్ రోసింగ్ కలిసి గ్రీన్‌ల్యాండ్ నుంచి తెప్పించిన 12 మంచు దిమ్మెలను ఆ నగరంలోని పాంథియాన్ అనే చారిత్రక కట్టడం ఎదుట గడియారంలా పేర్చారు. జనం తాకారు, చెవి ఆనించి విన్నారు. మంచులో ఏనాడో చిక్కుకున్న గాలి బుడగలు చిటపటమంటూ పగిలేవి. అంత దూరం మోసుకురావడానికి ఇంధనం కాల్చారుగా అన్న విమర్శ మాత్రం న్యాయమైనదే.

2017లో వెనిస్‌లో శిల్పి లోరెంజో క్విన్ పెట్టిన శిల్పంలో కాలువలోంచి లేచిన రెండు భారీ చేతులు ఓ హోటల్ గోడను ఆపుతున్నట్టు ఉండేవి. సముద్రమట్టం పెరుగుతోందన్న సంగతి ఒక్క చూపులో తెలిసిపోయేది. సెల్ఫీ దిగి వెళ్లిపోవడమూ అంతే తేలిక.

నా ఓటు మంచుకే, కళ్లముందే కరిగింది కాబట్టి. కాకపోతే అక్కడికి వెళ్లలేనివాళ్లకు చేతుల ఫోటోయే ఎక్కువ పనికొస్తుంది.