ఎన్ఎఫ్ఓ ఫైళ్లతో జెల్లీఫిన్: తెలుగు సినిమాల లైబ్రరీకి ఏళ్లుగా వాడాక నా మాట

దేవదాసు పేరుతో తెలుగులోనే మూడు సినిమాలున్నాయి. 1953లో అక్కినేని, సావిత్రి నటించగా వేదాంతం రాఘవయ్య తీసింది మొదటిది. 1974లో కృష్ణ హీరోగా విజయనిర్మల తీసింది రెండోది. 2006లో రామ్, ఇలియానాలతో వై.వి.ఎస్. చౌదరి తీసిన మూడోదానికి శరత్ నవలతో సంబంధం లేదు. 1953లోనే తమిళంలోనూ వచ్చింది. హిందీలో 1955లో ఒకటి, 2002లో ఒకటి ఉన్నాయి. ఇవి చాలవన్నట్టు 2018లో నాగార్జున, నానిల దేవదాస్ వచ్చింది. ఇంతమందిలో ‘దేవదాస్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో పేరున్న ఒక వీడియో ఫైలును జెల్లీఫిన్‌కి, అంటే ఇంట్లో దాచుకున్న సినిమాలను టీవీలో చూపించే హోమ్ సర్వర్‌కి, ఇచ్చి ఏదో పోల్చుకోమంటే, అది ఎక్కువమంది చూసినదాన్ని ఎంచుకుంటుంది. మా ఇంట్లో అక్కినేని సినిమాకి షారుఖ్ ఖాన్ పోస్టరు వచ్చింది. “ఏరా, నాగేశ్వరరావుది ఏదిరా ఇందులో?” అని నాన్న రిమోట్ పట్టుకుని అడిగేవారు.

ఎన్ఎఫ్ఓ ఫైళ్ల జోలికి వెళ్లింది అందుకే. అప్పటినుంచి నా లైబ్రరీ మొత్తం వాటిమీదే నడుస్తోంది. తెలుగు సినిమాలు ఎక్కువగా ఉన్న ఎవరికైనా ఇదే సరైన పద్ధతి అని నా గట్టి నమ్మకం. ఇబ్బందులూ ఉన్నాయి, అవీ చెబుతాను.

ముందు ఇదేంటో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఎన్ఎఫ్ఓ అంటే మామూలు టెక్స్ట్ ఫైలు. సినిమా ఉన్న ఫోల్డర్‌లోనే, వీడియో ఫైలు పేరుతోనో ‘మూవీ డాట్ ఎన్ఎఫ్ఓ’ అన్న పేరుతోనో పెడతాం. లోపల ఎక్స్ఎంఎల్ ట్యాగుల మధ్య సినిమా పేరు, సంవత్సరం, దర్శకుడు, నటులు, కథ, డేటాబేస్ నంబరు రాస్తాం. ఈ పద్ధతి కోడి అనే మీడియా ప్లేయర్ నుంచి వచ్చింది, అది ఎక్స్‌బీఎంసీ అన్న పేరుతో ఉన్న రోజుల నుంచీ ఉన్నదే. 2018 డిసెంబరులో ఎంబీ అనే మరో మీడియా సర్వర్ నుంచి విడిపోయి పుట్టిన జెల్లీఫిన్ కూడా దీన్ని చదువుతుంది. ఫోల్డర్‌లో ఎన్ఎఫ్ఓ ఉంటే దాని మాటే ముందు, ఇంటర్నెట్‌లో దొరికింది ఆ తరవాత.

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఒకటే. ఈ సినిమా ఫలానాది అన్న సమాచారం సర్వర్ డేటాబేస్‌లో కాకుండా సినిమా పక్కనే ఉండాలి. ఒకసారి సర్వర్ ఉన్న ఎస్ఎస్‌డీ చెప్పాపెట్టకుండా పోయింది. సినిమాలు వేరే హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. కొత్త ఎస్ఎస్‌డీలో జెల్లీఫిన్ ఇన్‌స్టాల్ చేసి, ఫోల్డరు చూపించి స్కాన్ పెడితే పేర్లు, పోస్టర్లు, సంవత్సరాలు, నేను రాసుకున్న తెలుగు వివరాలు అన్నీ తిరిగొచ్చాయి. ఏది ఎంతవరకు చూశామన్న లెక్క మాత్రం పోయింది, అది డేటాబేస్‌లో ఉండేది. వెబ్ పేజీలో కూర్చుని ఒక్కొక్క సినిమాకీ ‘ఐడెంటిఫై’ నొక్కి సరిచేసుకుని ఉంటే ఆ పనంతా మొదటినుంచీ చేయాల్సి వచ్చేది.

మన సినిమాలకు స్పెల్లింగ్ పెద్ద తలనొప్పి. మల్లీశ్వరిని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో చూడండి: ‘ఎస్’తో, ‘ఎస్‌హెచ్’తో, మధ్యలో ‘ఐ’ బదులు డబుల్ ‘ఈ’తో. పైగా 1951లో బి.ఎన్. రెడ్డి తీసినది ఒకటి, 2004లో వెంకటేష్‌ది ఒకటి. మిస్సమ్మ కూడా అంతే, 1955ది ఒకటి, 2003ది ఒకటి. ఫోల్డరు పేరులో సంవత్సరం పెడితే సగం గండం గట్టెక్కుతుంది. ఫోల్డరు పేరు చివర చదరపు బ్రాకెట్లలో ‘tmdbid-’ తగిలించి టీఎండీబీ (సినిమాల ఆన్‌లైన్ డేటాబేస్) నంబరు పెడితే జెల్లీఫిన్ దాదాపు పొరపాటు పడదు. సినిమాని గుర్తుపట్టడం వరకే మీకు కావాలంటే అది చాలు, ఎన్ఎఫ్ఓ దాకా రానక్కర్లేదు. ఇంకా తేలికైన దారి కావాలంటే ఎన్ఎఫ్ఓ ఫైల్లో ఆ సినిమా టీఎండీబీ పేజీ లింకు ఒక్కటే అతికించి సేవ్ చేయండి. కోడి, జెల్లీఫిన్ రెండూ ఆ లింకులోంచి నంబరు లాక్కుని మిగతాదంతా తెచ్చుకుంటాయి.

కానీ ఎన్ఎఫ్ఓ పనితనం గుర్తుపట్టడంతో అయిపోదు. నా మల్లీశ్వరి ఫైలు ఎలా ఉందో చెబుతాను. టైటిల్ ట్యాగులో తెలుగు అక్షరాల్లో ‘మల్లీశ్వరి’. ఒరిజినల్‌టైటిల్ ట్యాగులో ఇంగ్లీషు అక్షరాల్లో అదే పేరు. వరస కోసం వాడే సార్ట్‌టైటిల్‌లో కూడా ఇంగ్లీషు అక్షరాలే. తర్వాత ఇయర్ 1951, యునీక్ఐడీ ట్యాగులో టీఎండీబీ నంబరు, చివర లాక్‌డేటా ట్రూ, అంటే రాసినదాన్ని సర్వర్ మార్చకుండా వేసే తాళం. పేరు రెండు లిపుల్లో ఎందుకంటే, తెర మీద తెలుగులో కనిపిస్తే అమ్మానాన్నలు కళ్లజోడు లేకుండానే పోల్చుకుంటారు. టీవీ రిమోట్‌తో వెతకాలంటే మాత్రం కీబోర్డు ఇంగ్లీషే. జెల్లీఫిన్ వెతుకులాటలో ఒరిజినల్‌టైటిల్‌ని కూడా చూస్తుంది కాబట్టి ఎలా టైపు చేసినా దొరుకుతుంది. సార్ట్‌టైటిల్ ఇంగ్లీషులో లేకపోతే, పక్కన నిలువుగా కనిపించే అక్షరాల పట్టీలో ‘ఎమ్’ నొక్కితే మల్లీశ్వరి రాదు. ఆ పట్టీకి తెలుగు అక్షరమాల తెలియదు. ఈ లోటు తీరాలని గట్టిగా కోరుకుంటున్నాను. అ, ఆ, క, చ అని నొక్కి సినిమా వెతుక్కునే వీలుంటే మా ఇంట్లో పెద్దవాళ్లకి ఎంత హాయిగా ఉండేదో.

ఫోల్డర్ల పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచండి. లినక్స్‌లో తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు, కానీ ఫైలు పేరుకి 255 బైట్ల హద్దు ఉంది. కంప్యూటర్లో అక్షరాలు దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికి మూడు బైట్లు పడతాయి, గుణింతం, ఒత్తు విడిగా లెక్క. పొడుగు పేరు, సంవత్సరం, ప్రింటు వివరం అన్నీ కలిస్తే ఆ హద్దు తొందరగానే తగులుతుంది.

నటుల పేర్ల దగ్గర ఇంకో చిక్కు ఉంది. జెల్లీఫిన్ మనుషుల్ని పేరుతోనే గుర్తుపడుతుంది. ఒక ఎన్ఎఫ్ఓలో ‘ఎస్.వి. రంగారావు’, ఇంకోదాంట్లో ‘ఎస్వీ రంగారావు’, వేరేదాంట్లో ఇంగ్లీషులో ఉంటే దాని దృష్టిలో ముగ్గురు మనుషులు. ఒక పేరు నొక్కి ఆయన సినిమాలన్నీ చూద్దామంటే మూడో వంతే వస్తాయి. చుక్క, ఖాళీ కూడా తేడానే. అందుకని ఒక టెక్స్ట్ ఫైల్లో పేర్ల పట్టిక పెట్టుకున్నాను. రంగారావు, రేలంగి, సూర్యకాంతం, రమణారెడ్డి, గుమ్మడి, ఛాయాదేవి అందరి పేర్లూ అందులోంచి కాపీ చేసుకోవడమే, చేత్తో టైపు చేయను. తెలుగులో రాస్తే టీఎండీబీ నుంచి నటుల ఫొటోలు వాటంతట అవి రావు. కావాల్సిన వాళ్లకి నేనే అప్‌లోడ్ చేశాను. పాతసినిమాల్లో చిన్న వేషాలు వేసినవాళ్ల పేర్లు ఆ డేటాబేస్‌లో సరిగా ఉండవు. టైటిల్స్ దగ్గర వీడియో ఆపి, చదివి రాసుకోవడం నాకు చాలా ఇష్టమైన పని.

మాయాబజార్ సంగతి ప్రత్యేకం. 1957లో కె.వి. రెడ్డి తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. తెలుగులో అభిమన్యుడు అక్కినేని, తమిళంలో జెమినీ గణేశన్. 2010లో రంగులద్ది మళ్లీ విడుదల చేశారు, దాని నిడివి నలుపు తెలుపు దానికంటే తక్కువ. రంగులదాని ఫోల్డరు మీద 2010 అని రాస్తే సర్వర్ ఏదో ఒకటి తెచ్చి అంటిస్తుంది. నేను రెండు ఫోల్డర్లలో 1957 అనే ఉంచి, రెంటికీ వేరు వేరు ఎన్ఎఫ్ఓలు రాశాను. ఒకదాని టైటిల్ ‘మాయాబజార్’, రెండోదాని టైటిల్ ‘మాయాబజార్ - రంగుల్లో’. కథ ట్యాగులో 2010 సంగతి ఒక వాక్యం. ఈ రెండూ ఒకే సినిమా, అయినా రెండూ విడిగా కనిపించాలి అన్న మాట సర్వర్‌కి చెప్పడానికి నాకు ఇంతకంటే శుభ్రమైన దారి కనిపించలేదు.

వీసీడీల నుంచి ఎక్కించుకున్నవి ఇంకా ఉన్నాయి నా దగ్గర. ఎంపెగ్‌ఏవీ ఫోల్డర్లో ‘.డీఏటీ’ ఎక్స్‌టెన్షన్‌తో ఉండే ఫైలుని ‘.ఎంపీజీ’గా మార్చుకుంటే సరి. సినిమా రెండు మూడు డిస్కుల్లో ఉంటుంది కాబట్టి ఫైళ్ల చివర సీడీ1, సీడీ2 అని పెడితే ఒకే సినిమాగా కలిపి చూపిస్తుంది. ఇలాంటి వాటికి ఫైలు పేరుతో ఎన్ఎఫ్ఓ పెట్టకండి, ఏ భాగం పేరుతో పెట్టాలన్న గందరగోళం వస్తుంది. ‘మూవీ డాట్ ఎన్ఎఫ్ఓ’ పెడితే ఆ గొడవే ఉండదు.

ఇంటర్నెట్ విషయం కూడా చెప్పాలి. మన దేశంలో కొన్ని లైన్ల మీద టీఎండీబీ సర్వర్లు అందవు. పోస్టర్లు రావు, పేర్లు రావు, స్కాన్ మాత్రం పూర్తయిందంటుంది. డీఎన్ఎస్ (సైట్ల అడ్రసు వెతికిపెట్టే సర్వర్) మార్చుకుంటే చాలామందికి పనవుతుంది. ఎన్ఎఫ్ఓ, పక్కనే పోస్టర్ డాట్ జేపీజీ ఉన్న ఫోల్డర్లకు ఆ అవసరమే రాదు. ఊళ్లో మా పెద్దమ్మ ఇంట్లో నెట్ లేదు, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్లో కోడి ఉంది. డిస్కు కాపీ చేసి అక్కడ తగిలించి, సమాచారం ఎక్కణ్నుంచి తేవాలన్నచోట ‘లోకల్ ఇన్ఫర్మేషన్ ఓన్లీ’ ఎంచితే ఇక్కడున్న లైబ్రరీ అక్కడ ప్రత్యక్షం. తెలుగు అక్షరాల బదులు మొదట డబ్బాలు కనిపించాయి, తెలుగున్న ఫాంటు వేశాక సర్దుకుంది.

ఇక ఇబ్బందులు. అన్నిటికన్నా పెద్దది, ఎన్ఎఫ్ఓలో తప్పుంటే జెల్లీఫిన్ మనకి చెప్పదు. కథ ట్యాగులో ‘కథ & మాటలు’ అని రాశారనుకోండి, ఆ ‘&’ గుర్తుని ఎక్స్ఎంఎల్ ఒప్పుకోదు, దాన్ని దాని కోడ్ రూపంలో రాయాలి. అది ఒక్కటి తప్పితే ఫైలుని సరిగా చదవలేక, ఫోల్డరు పేరు చూసుకుని ఇంటర్నెట్‌కి వెళ్లిపోతుంది. తెర మీద ఏ హెచ్చరికా ఉండదు. అందుకే రాసిన ప్రతి ఫైలునీ ఒకసారి బ్రౌజర్‌లో తెరిచి చూడటం అలవాటు చేసుకోండి, తప్పున్న లైను అదే చూపిస్తుంది. పాత విండోస్‌లో నోట్‌ప్యాడ్ వాడేవాళ్లు సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. 2019 తరవాతి విండోస్ 10లో ఆ బాధ తీరింది.

లాక్‌డేటా రెండువైపులా పదునున్న కత్తి. అది ఉంటే మీరు రాసింది ఎవరూ చెరపరు. అలాగే మీరు రాయనిది కూడా రాదు, రేటింగు రాదు, కథ రాదు. కాబట్టి ముందు లాక్ లేకుండా స్కాన్ చేసి, వచ్చింది చూసుకుని, దిద్ది, అప్పుడు తాళం వేయండి. లైబ్రరీ సెట్టింగుల్లో ఎన్ఎఫ్ఓ సేవర్ అని ఒకటుంది, దాన్ని ఆన్ చేస్తే వెబ్ పేజీలో చేసే ప్రతి మార్పుకీ సర్వర్ ఆ ఫైలుని తన వరసలో తిరిగి రాసేస్తుంది. కొంతమందికి అదే సుఖం. నేను ఆపేసి, సినిమాల డిస్కుని డాకర్‌కి (సర్వర్‌ని విడిగా ఒక పెట్టెలో పెట్టినట్టు నడిపే సాఫ్ట్‌వేర్) చదవడానికి మాత్రమే ఇచ్చాను. రాసేది నేను, చదివేది సర్వర్. చేత్తో రాయలేమనుకునే వాళ్లకి ఎన్ఎఫ్ఓలు రాసిపెట్టే మీడియాఎల్చ్ అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. టైనీమీడియామేనేజర్ ఇంకా బలమైనది, కానీ ఉచిత వెర్షన్‌లో పరిమితులున్నాయి.

ఇంగ్లీషు సినిమాలే ఎక్కువున్నవాళ్లు ఈ శ్రమంతా పడక్కర్లేదు. ఫోల్డర్లో పేరు, సంవత్సరం ఉంటే చాలు, దాదాపు అన్నీ సరిగానే వస్తాయి.

ఏ డేటాబేస్‌లోనూ లేనివాటికి మాత్రం ఎన్ఎఫ్ఓ తప్ప గతి లేదు. నా దగ్గర సురభి వారి మాయాబజార్ నాటకం రికార్డింగు ఉంది, మా ఊరి తిరనాళ్లలో ఆడిన హరిశ్చంద్ర పద్యనాటకం ఉంది, హరికథలున్నాయి. సర్వర్‌కి వదిలేస్తే సురభి నాటకానికి 1957 సినిమా పోస్టరు, మా ఊరి హరిశ్చంద్రకి 1965 నాటి ఎన్టీఆర్ సినిమా పోస్టరు తెచ్చి పెడుతుంది. వీటికి నంబరు ఉండదు, లాక్ తప్పనిసరి. నటుల ట్యాగుల్లో ఎవరు ఏ వేషం కట్టారో రాశాను: హరిశ్చంద్రుడు, చంద్రమతి, నక్షత్రకుడు, వీరబాహుడు. పేర్లు తెలియని చోట ఆ నాటకంలో వేసినవాళ్లనే అడిగి తెలుసుకున్నాను, హార్మోనియం వాయించినాయన పేరుతో సహా. జానర్‌లో ‘పద్యనాటకం’ అని రాస్తే జెల్లీఫిన్‌లో ఆ పేరుతో ఒక విభాగమే ఏర్పడుతుంది. పోస్టరు కోసం వీడియోలోంచి ఒక ఫ్రేము తీసి, రెండుకి మూడు నిష్పత్తిలో నిలువుగా కత్తిరించి పోస్టర్ డాట్ జేపీజీ అని అదే ఫోల్డర్లో వేయండి. అడ్డంగా ఉన్న బొమ్మ వేస్తే వేషగాళ్ల మొహాలు అంచుల్లో తెగిపోతాయి.