ఎయిర్ పిస్టల్ సైట్లు: చాచా చేతి రిపేరు, రెండేళ్ల వాడకం తర్వాత

2023 వేసవిలో నా 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నన్ను నెలన్నర పాటు ఏడిపించింది. గచ్చిబౌలి రేంజ్‌లో 60 షాట్లకి 548 దాకా కొట్టేవాణ్ణి 530 దాటలేకపోయాను. ట్రిగ్గర్ సరిగ్గా నొక్కడం లేదేమో అనుకున్నాను. మణికట్టేమో అనుకున్నాను. 46 ఏళ్లొచ్చాయి కదా, చూపు తగ్గిందేమోనని కళ్లద్దాలు కూడా మార్పించాను. ఒక సాయంత్రం పిస్టల్ తుడుస్తుంటే గొట్టం మీద గురి చూసుకోవడానికి ముందొకటి వెనకొకటి ఉండే సైట్లలో వెనకది బొటనవేలికి తగిలి కదిలింది. వెంట్రుకంత, అంతే.

ఆమాత్రం కదలికకే ఇంత గొడవా అని కొత్తవాళ్లు అడుగుతారు. నా పిస్టల్‌లో ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం 340 మిల్లీమీటర్లు. వెనక సైట్ మిల్లీమీటరులో పదో వంతు జరిగితే 10 మీటర్ల అవతల ఉండే గురి కార్డు మీద దాదాపు 3 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. పావు మిల్లీమీటరు జరిగితే 7 మిల్లీమీటర్ల పైనే. కార్డు మీద ఒక రింగుకీ పక్క రింగుకీ మధ్య ఉండేది 8 మిల్లీమీటర్లు. పది కొట్టాననుకున్నది తొమ్మిదిలో ఎందుకు పడుతోందో అప్పుడు అర్థమైంది.

తెలిసినవాళ్లు చెప్పారని ముందు ఒక దుకాణానికి వెళ్లాను. అక్కడి కుర్రాడు పది నిమిషాల్లో పని ముగించాడు. ఎత్తు సరిచేసే స్క్రూ మీద గమ్ పోసి, ‘ఇక కదలదు సార్’ అన్నాడు. నిజమే, కదల్లేదు. వెలుతురు మారితే రెండు క్లిక్కులు పైకో కిందికో తిప్పుకోవాలి కదా, ఆ తిప్పడం కూడా పోయింది. అక్కడే ఇంకొకాయన ‘ఈ రోజుల్లో ఇవన్నీ ఎందుకు, రెడ్ డాట్ పెట్టించుకోండి’ అని సలహా ఇచ్చాడు. రెడ్ డాట్ అంటే ఎర్ర చుక్కతో గురి చూపించే అద్దం. పోటీల్లో పిస్టల్‌కి ఓపెన్ సైట్, అంటే అద్దాలేవీ లేని ఇలాంటి మామూలు సైట్, తప్ప ఇంకేదీ ఒప్పుకోరు. ఆ మాట తెలియనివాళ్ల చేతిలో టార్గెట్ పిస్టల్ పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

రేంజ్‌లో కోచ్ ఒకరు, అందరూ చాచా అని పిలిచే తుపాకుల మెకానిక్ సంగతి చెప్పారు. అబిడ్స్ దాటాక ఒక సందులో, లైసెన్సు ఉన్న తుపాకుల దుకాణం వెనక గదిలో పని చేస్తారు. పెట్టె తెరిచి చూపిస్తే ఆయన పిస్టల్‌ని ముట్టుకోనేలేదు. ‘కొట్టిన కార్డులు తెచ్చారా సాబ్?’ అని అడిగారు. తేలేదన్నాను. ‘ఇసుక సంచి మీద ఆనించి పది, చేత్తో పది కొట్టి తీసుకురండి’ అని పంపించేశారు. ముందు గమ్ వదిలించుకోకుండా ఏం కొడతానన్నా వినలేదు. ‘గమ్ ఉండగానే కొట్టండి, నాకు అదే కావాలి’ అన్నారు.

మర్నాడు రెండు కార్డులూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. చేత్తో కొట్టినది నాలుగు దిక్కులా చెదిరింది. సంచి మీద కొట్టినది అడ్డంగా దగ్గరగానే ఉంది కానీ నిలువుగా సాగింది. ‘చేతి కార్డులో మీ తప్పూ ఉంది. సంచి కార్డులో ఉన్నది పిస్టల్ తప్పు. ఎడమా కుడీ బాగానే ఉన్నాయి, పైకీ కిందికీ ఊగుతోంది’ అన్నారు. స్క్రూని గమ్ పట్టేసినా సైట్ ఇంకా ఊగుతోందంటే రోగం స్క్రూలో ఒక్కచోటే లేదన్నమాట. ఆ ఒక్క మాటతో నాకు ఆయన మీద గురి కుదిరింది.

పని దగ్గర కూర్చోనిచ్చారు. సోల్డరింగ్ ఐరన్ మొన స్క్రూ తల మీద ఆనించి కాసేపు ఉంచితే గమ్ మెత్తబడి వదిలింది. పిస్టల్‌ని చెక్క దిమ్మల మధ్య బిగించి, సన్నటి కదలికలు కొలిచే డయల్ గేజ్ మొన సైట్ మీద ఆనించి వేలితో నొక్కారు. ముల్లు పావు మిల్లీమీటరు జరిగింది. విప్పి చూస్తే సైట్ ఊగే పిన్ను రంధ్రం అరిగి కోలగా అయింది. స్క్రూ తల కింద చిన్న స్టీల్ గుండు, దాని వెనక స్ప్రింగ్ ఉంటాయి. గుండు గాడిలో పడితేనే క్లిక్ తెలుస్తుంది. ఆ స్ప్రింగ్ చచ్చిపోయింది. రంధ్రాన్ని రీమర్‌తో గుండ్రంగా చేసి, కాస్త లావు పిన్ను తయారుచేసి దించారు. స్ప్రింగ్ రాణీగంజ్ నుంచి తెప్పించి, కొలతకి కత్తిరించి వేశారు.

ముందు సైట్ మార్చుకోమన్నది కూడా ఆయనే. నాది 4.5 మిల్లీమీటర్ల వెడల్పు. నేను చెయ్యి చాపి నిలబడ్డప్పుడు కంటి నుంచి ముందు సైట్ దాకా టేపు పెట్టి కొలిచారు, దాదాపు మీటరు వచ్చింది. కార్డు మీది నల్ల వృత్తం 59.5 మిల్లీమీటర్లు. 10 మీటర్ల దూరంలో ఉన్న వృత్తం ముందు సైట్ దగ్గరికి వచ్చేసరికి 6 మిల్లీమీటర్ల వెడల్పున కనిపిస్తుంది. దానికింద సన్నటి సైట్ పెడితే నా వయసు కంటికి అంచులు కరిగిపోతున్నాయన్నారు. ముందు సైట్‌గా నిలబెట్టే రేకుని బ్లేడు అంటారు. 5 మిల్లీమీటర్ల బ్లేడు కాగితం మీద గీసి, బాలానగర్‌లో ఒక టూల్ రూమ్‌లో వైర్ కట్ మెషీన్ మీద కోయించారు. కంటివైపు ముఖం నిట్టనిలువుగా కాక కాస్త లోపలికి వాలి ఉంటుంది, పైనుంచి పడే వెలుతురు దాని మీద మెరవకూడదని. వెనక సైట్‌లో బ్లేడు కనిపించే గాడిని కూడా దానికి తగ్గట్టు వెడల్పు చేశారు. బ్లేడుకి రెండు పక్కలా సందు బాగా కనబడేంత.

ఆఖర్న హారతి కర్పూరం బిళ్ల వెలిగించి, ఆ పొగలో సైట్లు రెండూ తిప్పుతూ మసి పట్టించారు. కాటుక పట్టినట్టు నల్లగా, ఏ మెరుపూ లేకుండా అయ్యాయి. చేత్తో ముట్టుకుంటే పోతుంది కాబట్టి పోటీకి ముందు ఎవరికి వాళ్లు పట్టించుకోవాల్సిందే. నేను ఇప్పటికీ అదే చేస్తున్నాను.

ఎయిర్ పిస్టల్ వాళ్లకి లైసెన్సు తలనొప్పి లేదు. గొట్టం లోపలి వెడల్పు (బోరు) 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, పెల్లెట్ బయటికొచ్చే శక్తి 20 జౌల్స్ లోపు ఉన్నవాటికి 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. పాయింట్ 32 లాంటి అసలు తుపాకీ అయితే పద్ధతి వేరు. ఉంచుకోవడానికి మీకు లైసెన్సు ఉండాలి, రిపేరు చేసేవాళ్లకీ ఉండాలి. 1959 ఆయుధ చట్టం చెప్పేది అదే. నేనుండగానే ఒకాయన లైసెన్సు పుస్తకం లేకుండా వస్తే చాచా సంచీ కూడా విప్పనివ్వలేదు.

ఇక వాడకం సంగతి. ఈ రెండేళ్లలో 500 పెల్లెట్ల డబ్బాలు 40 దాటాయి. అంటే 20 వేలకి పైగా షాట్లు. పిన్ను వదులు కాలేదు. క్లిక్కులు ఇప్పటికీ లెక్కపెట్టుకోవచ్చు. స్కోరు మూడు నెలల్లో మళ్లీ 545 దాటింది, ఇప్పుడు 552 దగ్గర నిలకడగా ఉంది. అంతా సైట్ల గొప్పే అనను. కానీ షాట్ తప్పినప్పుడు ఇది నా చేతి తప్పే అని తెలియడం పెద్ద ధైర్యం. 75 నిమిషాల మ్యాచ్‌లో ఆ అనుమానం లేకపోతే సగం టెన్షన్ ఉండదు.

బాగాలేనివి కూడా చెప్పాలి. పది రోజులన్న పని ఐదు వారాలు పట్టింది, ఆ ఏడాది ఒక పోటీ పోయింది. చాచా ఫోన్ ఎత్తరు, వెళ్లి కూర్చోవాల్సిందే. కొత్త స్ప్రింగ్ గట్టిది, చిన్న స్క్రూడ్రైవర్ లేకుండా తిరగదు. బ్లేడు మామూలు స్టీల్, మొదటి వానాకాలంలోనే అంచున తుప్పు మచ్చ వచ్చింది. అప్పటినుంచి జూన్ మొదలయ్యిందంటే నూనె గుడ్డతో తుడిచి పెడుతున్నాను. ఖర్చు మొత్తం 4,800 అయింది, అందులో బ్లేడుకే 1,500. కొత్త సైట్ సెట్ బయటి దేశం నుంచి తెప్పించుకోవడంతో పోలిస్తే నాకు ఇదే నయమనిపించింది. ఒక మేలు అడక్కుండానే చేశారు. పిస్టల్ గాలి సిలిండర్ మీద తేదీ చూసి, తయారై పదేళ్లు కావస్తోంది, మార్చేయండి అన్నారు. 200 బార్ గాలి నింపే సిలిండర్ మీద ఆ తేదీ నేను ఎప్పుడూ చదవలేదు.

పిస్టల్ తిరిగిచ్చిన రోజు సంచి మీద ఆనించి పది కొట్టించి, ఆ కార్డు మూల మీద పెన్సిల్‌తో తేదీ వేసి పెట్టెలో పెట్టారు. పోయిన ఆదివారం అలాగే సంచి మీద, అదే రకం పెల్లెట్లతో పది కొట్టాను. రెండు కార్డులూ ఒకదాని మీద ఒకటి పెట్టి రేంజ్ లైటుకి ఎదురుగా పట్టుకున్నాను. రెండు చిల్లుల్లోంచీ ఒకే చోట వెలుతురు వచ్చింది.