మోటార్‌హోమ్‌కి కోనీ షాకులు: బాగా వాడాక చెప్తున్న మాట

మాది ఫోర్డ్ ఎఫ్-53 ఛాసీ (ఇంజనూ చక్రాలూ ఉండే కింది చట్రం) మీద కట్టిన పాత క్లాస్ ఏ మోటార్‌హోమ్, అంటే లోపల ఇల్లులా ఉండే బస్సులాంటి బండి. వీ10 ఇంజను, ముందూ వెనకా లారీకి ఉన్నట్టే కమాన్ పట్టీలు. డల్లాస్ చుట్టుపక్కల కాంక్రీటు రోడ్ల అతుకులు తగిలినప్పుడల్లా అల్మరాల్లో గిన్నెలు గోల పెట్టేవి.

షాక్ అబ్జార్బర్లు (కుదుపుల్ని అణిచే గొట్టాలు, వాడుకలో షాకులు) మార్చాలనుకున్నాక చివరికి రెండు కంపెనీలవి మిగిలాయి: బిల్‌స్టీన్ షాకులు, కోనీ వాళ్ల ఎఫ్‌ఎస్‌డీ రకం. కోనీ ఖరీదెక్కువ. కానీ దాని పిస్టన్‌లో అదనంగా ఒక వాల్వు ఉంటుంది. అతుకుల్లాంటి గబగబా వచ్చే కుదుపులకి నూనె పోవడానికి ఇంకో దారి వదిలి మెత్తబడుతుంది, బండి నెమ్మదిగా ఊగితే ఆ దారి మూసుకుని బిగుస్తుంది. నా బాధ అతుకులతోనే కాబట్టి అటే మొగ్గాను. ఆర్డర్ పెట్టేటప్పుడు బాడీ కట్టిన కంపెనీ పేరు కాదు, ఛాసీ మోడలూ సంవత్సరమూ చూడాలి.

నేనూ మా బావమరిదీ ఇంటి ముందే బిగించాం. బరువు మోసేది పట్టీలే కాబట్టి షాకు ఊడదీసినా బండి కిందికి దిగదు. చక్రాలకి దిమ్మలు పెట్టి దూరితే చాలు. లెవెలింగ్ జాకీల (ఆపిన బండిని సమంగా నిలబెట్టేవి) మీద లేపిన బండి కింద మాత్రం దూరొద్దు, ప్రాణాల మీదికొస్తుంది. మా బండి అంతకుముందు మిషిగన్‌లో తిరిగింది, మంచు రోడ్ల ఉప్పు తిన్న నట్లు. ముందురోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టినా, వెనక కుడివైపు కింది నట్టు మధ్యాహ్నం దాకా మొండికేసింది. స్పానర్‌కి పొడుగు పైపు తొడిగి ఇద్దరం వేలాడితే కిర్రుమంది. ‘బావా, మెకానిక్ దగ్గర మిగిలిన డబ్బులు నడుం నొప్పి మాత్రలకే సరి’ అన్నాడు వాడు. ఊడొచ్చిన షాకు ఒళ్లంతా జిడ్డుమట్టి, చేత్తో నొక్కితే అడ్డన్నదే లేకుండా దిగిపోయింది.

కొత్తవి పెట్టెలో పడుకుని వస్తాయి. నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు లాగి నొక్కి, లోపలి గాలి పోయాకే ఎక్కించాలి. చివరి బిగింపు బండి తన చక్రాల మీద నిలబడి ఉండగానే చెయ్యాలి. లేదంటే బుష్ రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది.

గిన్నెల మోత బాగా తగ్గింది, స్టీరింగ్‌కి తగిలే దెబ్బ కూడా. టెక్సస్‌లోని అమరిల్లో ఊరు దాటి ఐ-40 హైవే మీద గాలి కొట్టినా, ట్రక్కు పక్కనుంచి దూసుకెళ్లినా తోసే తోపు మాత్రం అలాగే ఉంది. గ్యాస్ స్టేషన్‌లోకి ఏటవాలుగా ఎక్కేటప్పటి ఊపూ అంతే. స్వే బార్ (బండి పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీ) లింకుల్ని లోపలి రంధ్రాలకి మార్చాక ఆ ఊపు తగ్గింది, పైసా ఖర్చు లేదు. క్యాట్ స్కేల్ (ట్రక్కులు తూచే కాటా) మీద తూయించి, ఆ బరువుకి టైరు కంపెనీ పట్టికలో ఉన్నంతే గాలి పెట్టడం కూడా తేడా చూపించింది. ఈ రెండూ షాకులు కొనకముందే చేసి చూడండి.

ఇప్పటిదాకా ఒక్కటీ కారలేదు. అతుకుల రోడ్లు తిరిగేవాళ్లకి ఈ ఖర్చు దండగ కాదు. ట్రక్కుల తోపే మీ అసలు బెడదైతే, ఆ డబ్బు మొదట వెనక ట్రాక్ బార్‌కి (ఇరుసు పక్కకి జరగకుండా పట్టే కడ్డీ) పెట్టండి.