విహార పడవలో రాకోర్ 500 ఫిల్టరు: ఏళ్ల తరబడి వాడాక

డీజిల్ నుంచి నీటిని వేరుచేసే రాకోర్ 500 ఫిల్టరును నా విహార పడవలో ట్యాంకుకూ ఇంజనుకూ నడుమ బిగించి ఏళ్ల తరబడి వాడుతున్నాను. లోపలికి వచ్చిన డీజిల్‌ను ఇది మొదట సుడి తిప్పుతుంది. ఆ ఊపులో బరువైన నీరూ మురికీ అడుగునున్న పారదర్శకమైన గిన్నెలోకి దిగిపోగా, మిగిలిన డీజిల్ ఎలిమెంటు (లోపల ఉండే, మార్చుకోగల వడపోత భాగం) గుండా వడపోసుకుని ఇంజనుకు చేరుతుంది. గిన్నెలో నీరు విడిగా కనబడుతుంది కాబట్టి, బయలుదేరే ముందు ఒకసారి చూసి కింది మర విప్పి వదిలేస్తే సరిపోతుంది.

ఎలిమెంట్లు 2, 10, 30 మైక్రాన్లలో దొరుకుతాయి (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు; అంకె తగ్గేకొద్దీ వడపోత సన్నన). ఇంజనుపై ఎలాగూ మరో సన్నని ఫిల్టరు ఉంటుంది కనుక ఇక్కడ 10 మైక్రాన్లదే తగినదని నా అభిప్రాయం; 2 మైక్రాన్లది త్వరగా పూడుకుపోతుంది. వ్యాక్యూమ్ గేజి (పంపు ఎంత బలంగా పీల్చాల్సి వస్తోందో చూపే మీటరు) మాత్రం తప్పక పెట్టుకోవాలి. ఎలిమెంటు పూడుతున్న కొద్దీ ముల్లు కదులుతూ, ఇంజను తడబడక ముందే సంగతి చెప్పేస్తుంది. ఎలిమెంటు మార్చినప్పుడు మూత కింది రబ్బరు రింగు సరిగా కూర్చున్నదీ లేనిదీ చూడాలి. ఇది పంపు పీల్చే వైపున ఉంటుంది గనుక, అక్కడ సందు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి చొరబడుతుంది. అందుకే ఆ లోపం కంటికి చిక్కదు.

అయితే ట్యాంకు అడుగున జరిగేదానికి ఈ ఫిల్టరు మందు కాదు. నెలల తరబడి కదలని పడవలో, సగం ఖాళీగా ఉన్న ట్యాంకు గోడలకు చెమ్మ పట్టి నీరు చేరుతుంది. డెక్ మీద డీజిల్ పోసే చోటి మూత రింగు అరిగితే వాన నీరూ దిగుతుంది. నీటికీ డీజిల్‌కూ మధ్య పొరలో బాక్టీరియా, శిలీంధ్రాలు పెరిగి నల్లని జిగురుగా పేరుకుంటాయి. బయోడీజిల్ కలిసిన ఇంధనం తేమను మరింతగా పట్టి ఉంచుతుంది. పీల్చే గొట్టం అడుగుదాకా అందదు కాబట్టి ఆ మడ్డి ప్రశాంతమైన నీళ్లలో ఫిల్టరు దాకా రాదు. అలలు ఎగసినప్పుడు ఒక్కసారిగా కలగబారి, ఇంజను అత్యవసరమైన వేళకే ఎలిమెంటును మూసేస్తుంది. అందుకని తనిఖీ మూత తీసి, ట్యాంకులో అన్నిటికంటే పల్లంగా ఉన్న చోటి నుంచి చేతిపంపుతో గాజు సీసాలోకి తోడి చూడడం నాకు అలవాటైంది.

క్రిమిసంహారక మందు పనిచేస్తుంది గానీ చచ్చిన జిగురంతా ఫిల్టరుకే వస్తుంది. మందు వేశాక కొంతకాలం అదనపు ఎలిమెంట్లు దగ్గరుంచుకోవాలి. నీటిని డీజిల్‌లో కలిపేసే రకం మందులు ఈ ఫిల్టరుకు పనికిరావు, ఎందుకంటే అలా కలిసిపోయిన నీరు గిన్నెలోకి దిగదు.