ట్యూబు ఫ్రిజ్ మీద ఉండగానే రిపోర్టు వచ్చేసింది, జాగ్రత్త

ఇన్‌స్టాలో రోజూ కనబడే నీలం డబ్బా జీన్ టెస్టు వాళ్లే. పేరు రాయను, మీకు తెలిసే ఉంటుంది. రూ. 6,999 పోయాయి.

అమ్మకి కీమో నడుస్తోంది. ఆన్‌డాన్‌సెట్రాన్ వేసినా వాంతులు ఆగట్లేదు. ఆ కంగారులో ఉంటే వాళ్ల మనిషి ఫోన్ చేసి "హెచ్‌టీఆర్3బీ జీన్ చూస్తే ఏ మందు పనిచేస్తుందో తేలిపోతుంది సార్" అన్నాడు. ఉత్త అబద్ధమైతే పడేవాణ్ణి కాదేమో. కీమో ఎక్కితే పేగుల్లోంచి సెరటోనిన్ అనే రసాయనం ఒక్కసారిగా వస్తుంది, అది నరం మీద దాన్ని అందుకునే 5-హెచ్‌టీ3 రిసెప్టర్‌ని తాకితే వాంతి. ఆ మందు అడ్డుపడేది అక్కడే. ఆ రిసెప్టర్ ఐదు ముక్కల కూర్పు, అందులో బీ ముక్కకి ఈ జీనే మూలం. ఇదంతా నెట్‌లో చదివి పెద్ద పండితుణ్ణైపోయాను.

అమ్మ బుగ్గలోపల పుల్లతో రుద్ది, ట్యూబులో పెట్టి మూత బిగించాను. పికప్ కుర్రాడు "రేపు సార్" అన్నాడు, రాలేదు.

శుక్రవారం సాయంత్రం రాయదుర్గంలో మెట్రో ఎక్కగానే వాట్సాప్‌లో రిపోర్టు. 14 పేజీలు. నిలబడే చదివి ఫ్యామిలీ గ్రూపులో పడేశాను: "అమ్మా, అంతా ఆ జీన్ వల్లే." పిన్ని దండం బొమ్మ పెట్టింది. ఉప్పల్లో దిగి ఇంటికొచ్చి, మంచినీళ్ల కోసం ఫ్రిజ్ దగ్గరికెళ్తే దాని మీద ట్యూబు. బిగించిన మూత బిగించినట్టే. దాని మీద అమ్మ పేరు, నా చేతిరాతలో.

ఫోన్ చేశాను. "శాంపిల్ మా ఇంట్లో ఉంటే రిపోర్టు ఎవరిది బాబూ?"

కొంచెం కూడా తడబడలేదు. "జీన్ మారదు కదా సార్, శాంపిల్ గురించి అంత టెన్షన్ దేనికి?"

వెనక ఎవరో నవ్వారు. డబ్బు వాపసు అంటే "మీరు డాక్టరా సార్?" అని పెట్టేశాడు. తర్వాత నా నంబర్ బ్లాక్.

కోపంలో మళ్లీ చదివితే, జీన్‌ని 3వ క్రోమోజోమ్ మీద పెట్టారు. అది ఉండేది 11 మీద, హెచ్‌టీఆర్3ఏ పక్కన. 3 మీద ఉండేవి హెచ్‌టీఆర్3సీ, 3డీ, 3ఈ. కాపీ కొట్టడం కూడా చేతకాలేదు. రోజూ హబ్సిగూడలో జీన్ల మీద పరిశోధన చేసే సీసీఎంబీ దాటి ఆఫీసుకెళ్లే నేను, నమ్మడానికి యాడ్‌నే ఎంచుకున్నాను!

డాక్టరు గారికి చూపిస్తే, కొందరికి లివర్‌లోని సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ ఆన్‌డాన్‌సెట్రాన్‌ని త్వరగా విరిచేస్తుందని చెప్పి, దాని బదులు గ్రానిసెట్రాన్ రాశారు. రిపోర్టులో ఆ ఊసే లేదు. నిన్న రాత్రి అమ్మకి ఒక ఇడ్లీ నిలిచింది.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు పెట్టాను. మీరైతే ముందు డాక్టర్ని అడగండి, శాంపిల్ చేరాకే డబ్బు కట్టండి.

గ్రూపులో అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఆ జీన్‌కి మందేమైనా దొరికిందా అని పిన్ని రోజూ అడుగుతోంది.