మూడు మిల్లీమీటర్ల సందు, ఏడేళ్ల వాడకం: 1978 అంబాసిడర్ సమీక్ష

మా నాన్నగారు కొన్న 1978 నాటి అంబాసిడర్ మార్క్ 3ని 2016 అక్టోబరులో పూర్తిగా విప్పి, పధ్నాలుగు నెలల తరువాత, 2017 డిసెంబరులో మళ్లీ రోడ్డెక్కించాము. ఆ తరువాతి ఏడేళ్లలో అది పాలకొల్లు చుట్టుపక్కల కాలువ గట్ల మీద, నరసాపురం, భీమవరం, అమలాపురం దారుల్లో 41,000 కిలోమీటర్లు తిరిగింది. ఆ పధ్నాలుగు నెలల్లో అయిదు నెలలు తలుపులకూ వాటి పక్కన ఉండే బాడీ స్తంభాలకూ మధ్య, బానెట్‌కూ మడ్‌గార్డులకూ మధ్య ఉండే సందులను సరిచేయడానికే పట్టాయి. బంధువులు చాలామంది దాన్ని చాదస్తమన్నారు. ఆ పనిలో ఏది నిలిచిందో, ఏది రాలిపోయిందో ఇన్నేళ్ల వాడకం తరువాత చెప్పగలను కనుక ఈ సమీక్ష రాస్తున్నాను. ఇంజను, బ్రేకుల సంగతి ఇందులో లేదు.

నాలుగు తలుపుల చుట్టూ సందు ఎక్కడా 3 మిల్లీమీటర్లు దాటకూడదన్నది నేను మొదట పెట్టిన షరతు. అది ఈనాటి కార్లను చూసి పెట్టిన షరతే తప్ప అంబాసిడర్‌ను చూసి పెట్టినది కాదు. ఈ బండికి మూలం బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3; 2014 మే నెలలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో తయారీ ఆగేదాకా దాని ఆకారం పెద్దగా మారలేదు. పని మధ్యలో అనుమానం వచ్చి, మా ప్రాంతంలో ఎవరూ సుత్తి తగిలించని పాత అంబాసిడర్లు మూడింటిని వెతికి కొలిచాను. ఒకే తలుపు చుట్టూ ఒకచోట 4, ఇంకొకచోట 7 మిల్లీమీటర్లు వచ్చింది. కొత్తగా కొన్నప్పుడే అలా ఉన్నాయని వాటి యజమానులు చెప్పారు.

మొదటి షెడ్డులో నేను అడిగిన 3 మిల్లీమీటర్లను సాధించి చూపించారు. ఇంజను, గేరుబాక్సు, అద్దాలు తీసేసిన ఒట్టి బాడీని నడుమ కింద చెక్క దిమ్మెలు పెట్టి నిలబెట్టి, తలుపులు తగిలించి, అంచులు సరిచేసి రంగు వేశారు. చూడడానికి గీత గీసినట్లు ఉంది. ఇంజను ఎక్కించి చక్రాల మీదకు దించిన రోజున డ్రైవరు తలుపు పైమూల మధ్య స్తంభానికి దాదాపు ఆనుకుంది. సీట్ల నిండా మనుషులు కూర్చుని గట్టు మీది గతుకుల్లో ఒకసారి వెళ్లివచ్చేసరికి ఆ మూలన గోరంత మేర రంగు లేచి రేకు కనిపించింది. అంబాసిడర్‌కు లారీలాగా విడిగా ఛాసిస్ ఉండదు, బరువంతా బాడీయే మోయాలి. నడుమ ఊతమిచ్చి నిలబెట్టినప్పుడు ముందూ వెనుకా చివరలు కిందికి వాలి ద్వారబంధం పైభాగం విచ్చుకుంటుంది. చక్రాల మీద నిలబడి నడుమ బరువు పడినప్పుడు అదే పైభాగం దగ్గరకు వస్తుంది. పైగా మా బండికి రెండు వైపులా తుప్పు పట్టిన సిల్లులను, అంటే తలుపుల కింద పొడవునా ఉండే రేకు దూలాలను, ఒకేసారి కోసి, ద్వారబంధాలు వంగకుండా వాటికి అడ్డంగా యాంగిల్ కమ్మీలు వెల్డింగ్ చేయకుండానే కొత్తవి వేశారని తరువాత తెలిసింది. ఆ రంగంతా గీకించవలసి వచ్చింది. అది చూస్తూ నిలబడడం నాకు చాలా కష్టమైంది.

రెండో షెడ్డులోని టింకరింగ్ మేస్త్రీ బండి చుట్టూ ఒకసారి తిరిగి, "బండి తన బరువు తను మోస్తా ఉన్నప్పుడు చూడాలండి సందు. దిమ్మెల మీదున్నదానికి కొలతేంటండీ?" అన్నాడు. అతను ఇంజను, గేరుబాక్సు, అద్దాలు అన్నీ తిరిగి పెట్టించి, బండిని చదునైన సిమెంటు నేల మీద చక్రాలపై నిలబెట్టి, సీట్లలో డెబ్బై అయిదు కిలోల ధాన్యం బస్తాలు నాలుగు వేయించిన తరువాతే కొలత మొదలుపెట్టాడు. సిల్లులను మళ్లీ విప్పి, ఈసారి కమ్మీలు కట్టి, ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకున్నాడు. తలుపు కొసను చేత్తో పైకెత్తి చూసి, మడతబందుల్లో ఆట (వదులు) ఉన్న ప్రతిచోటా కొత్త పిన్నులు వేశాడు. ఆట ఉన్న తలుపుకు ఎంత చక్కని సందు కుదిర్చినా నాలుగు నెలల్లో జారిపోతుంది కదా. పని వెనుక నుంచి ముందుకు నడిచింది: వెనుక స్తంభం కదలదు కనుక దానికి వెనుక తలుపును, ఆ తలుపుకు ముందు తలుపును, దానికి బోల్టులతో బిగించే మడ్‌గార్డును, చివరికి మడ్‌గార్డులకు బానెట్‌ను కుదిర్చాడు. ముందు నుంచి మొదలుపెడితే తప్పంతా వెనుక తలుపు దగ్గర పోగవుతుంది, అక్కడ జరపడానికి చోటుండదు.

సందు ఎంత ఉండాలన్న విషయంలో మా ఇద్దరికీ వారం రోజులు వాదన జరిగింది. రంగుకు ముందు 5 మిల్లీమీటర్లు, తలుపుల అడుగు అంచున తప్ప అన్నిచోట్లా ఒకేలా, అని తేల్చుకున్నాము. ప్రైమరు, రంగు, క్లియర్ కోటు రెండు అంచుల మీదా చేరాక నాకు దాదాపు 4.5 మిగిలింది. కంటికి సందు వెడల్పు కంటే దాని వంకర ముందు కనిపిస్తుందని అప్పుడే నాకు తెలిసింది. సమంగా ఉన్న అయిదు చూడచక్కగా ఉంటుంది. ఒకచోట మూడు, ఒకచోట నాలుగున్నర ఉంటే దూరం నుంచే తెలిసిపోతుంది.

అంచుల పని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏడేళ్లలో తేడా ఇక్కడే బయటపడింది. రేకు తక్కువైన చోట మేస్త్రీ తలుపు అంచు వెంబడి సన్నని ఇనుప కడ్డీని గ్యాస్‌తో కొంచెం కొంచెంగా అతికించి, రేకు వేడికి వంగకుండా ప్రతి అంగుళానికీ ఆగి తడిగుడ్డ వేసి, తరువాత ఆకురాయితో అరగదీశాడు. నాలుగు మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కను ఆ సందులో పై నుంచి కింది దాకా లాగి, అది ఎక్కడ తడబడితే అక్కడ సుద్దతో గుర్తు పెట్టేవాడు. డ్రైవరు తలుపుకు మూడు రోజులు పట్టింది. ఆ అంచు ఈనాటికీ చెక్కుచెదరలేదు. సంక్రాంతికి ముందు నేను తొందరపెట్టడం వల్ల కుడి వెనుక తలుపు కింది అంచులో ఒక జానెడు మేర మాత్రం కడ్డీకి బదులు పుట్టీతో కట్టారు. మూడో ఏట తలుపు గట్టిగా వేసినప్పుడు అక్కడ వేలెడు ముక్క ఊడింది. పుట్టీ తేమను పీల్చుకుంటుంది. రంగు పగిలిన చోట నుంచి తేమ లోపలికి పోయి, మరుసటి వానాకాలానికి రేకు మీద తుప్పు పొంగింది. పుట్టీ చదును మీద పల్చగా ఉంటే తప్పులేదు, అంచును అది మోయలేదు.

తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ విషయంలో కూడా జాగ్రత్త అవసరం. కొత్త బీడింగ్ గట్టిగా ఉండి తలుపును బయటికి నెడుతుంది. రంగుకు ముందే బీడింగ్ పెట్టి తలుపు మూసి చూసుకోవాలి. మా బండిలో ఎడమ ముందు తలుపు మొదటి నాలుగు నెలలు రెండు మిల్లీమీటర్లు బయటికి ఉండి, తరువాత రబ్బరు అణగి దానంతట అదే లోపలికి సర్దుకుంది. ఓపిక పట్టకుండా లాకు ప్లేటు జరిపించి ఉంటే ఇవాళ లోపలికి పోయి ఉండేది.

మా డెల్టాలో సందు మరీ సన్నగా ఉండకూడదని చెప్పడానికి మరో కారణం నీరు. ఉప్పు చెరువుల గాలి, నాట్ల రోజుల్లో ట్రాక్టర్లు రోడ్డెక్కించే బురద, గట్టు మీద నిలిచిన వాననీరు, ఇవన్నీ తలుపు కింది అంచులోకే చేరతాయి. సన్నని సందులో చేరిన నీరు ఆరదు, బురద రాలదు. అందుకే అడుగు భాగంలో 6 మిల్లీమీటర్లు వదిలించాను. కడిగినప్పుడు నీళ్ల గొట్టంతో బురదంతా పోతుంది. తలుపు అడుగున ఉండే నీటి రంధ్రాలు రంగుతోనో పుట్టీతోనో మూసుకుపోకుండా చూసుకోవాలి. నేను ప్రతి వానాకాలం ముందు వాటిని తీగతో పొడిచి తీస్తాను.

బానెట్, డిక్కీ నిలిచాయి, వాటి గురించి చెప్పడానికి ఏమీ లేదు. ఎడమ మడ్‌గార్డు మాత్రం బజారులో కొన్న కొత్తది; రేకు పల్చన కావడంతో రెండుసార్లు వాషర్లు మార్చి ఎత్తు సరిచేయవలసి వచ్చింది. పాతదాన్నే అతికించి వాడుకుని ఉండవలసింది. కుడి వెనుకది తప్ప మిగతా మూడు తలుపుల సందులను పోయిన నెలలో అదే ప్లైవుడ్ ముక్కతో చూశాను, డ్రైవరు తలుపు పైమూలలో తప్ప అది ఎక్కడా తడబడలేదు, అక్కడ కూడా అర మిల్లీమీటరే. కుడి వెనుక తలుపును మేస్త్రీ దగ్గర విప్పి ఉంచాను. ఆ జానెడు పుట్టీ గీకేసి, ఈసారి కడ్డీ అతికిస్తున్నాడు.